ఓటు పడని నాలుగు చోట్లు

సారు పోయారని మా చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను రాయదుర్గంలో, జీన్స్ కుట్టే యూనిట్లో, జేబుల లైన్ దగ్గర నిలబడి ఉన్నాను. మిషన్ల మోతలో మొదట ఏమీ వినపడలేదు. బయటికి వచ్చి గోడ నీడన నిలబడి మళ్ళీ చెప్పమన్నాను.

"సారు పోయినాడే," అంది చిన్నమ్మ. "పొద్దున కాఫీ తాగినాడంట. పేపరు చేతిలో పట్టుకోని కుర్చీలో అట్లే ఉండిపోయినాడంట. మధ్యాన్నం బస్సుకన్నా వచ్చేయి."

ఫోన్ పెట్టేశాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. ఏడుపు వెంటనే రాలేదు. పేపర్లో ఏ పేజీ తెరిచి ఉందో అడగాల్సింది అనిపించింది. అడిగితే చిన్నమ్మ తిట్టేది.

ఆయన అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పేవారు. మాదీ ఆయనదీ ఒకే ఊరు. ఆయనది చావడి దగ్గర పెద్దవీధి, మాది మిట్టమీద కాలనీ. ఊళ్ళో ఎవరూ ఆయన పేరు పలికేవారు కాదు, రేషన్ కార్డులో తప్ప ఆ పేరుకు పని ఉండేది కాదు. సారంటే ఆయనే. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ దేవుళ్ళైపోతారు. మా సారు దేవుడేం కాదు, మొండి మనిషి. చిల్లర విషయంలో బస్సు కండక్టరుతో కూడేరు దాకా వాదించి, దిగేటప్పుడు అతని పిల్లల చదువు గురించి అడిగే రకం. మా సీమలో వాన ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియదు కానీ ఆయన చంకలో గొడుగు మాత్రం ఏడాది పొడవునా ఉండేది. ఎండకు పట్టుకుంటున్నానని అనేవారు. మబ్బు పట్టినప్పుడు మాత్రం ఇంట్లో పెట్టి వచ్చేవారు. గొడుగు చూస్తే వాన వెనక్కి పోతుందని ఆయన భయం. ఇంత చదువుకుని ఇదేంటి సార్ అంటే నవ్వి ఊరుకునేవారు.

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు అందరూ గెలిచినవాళ్ళ ఫొటోలు చూస్తుంటే ఆయన లోపలి పేజీలు తిప్పేవారు. "ఓడిపోయినోడికి యాడ ఓట్లు పడినాయో ముందు చూడండప్పా," అనేవారు. "గెలిచినోడి సంగతి వాడే చెప్పుకుంటాడు."

మాకు ఆయన చెప్పిన పాఠాల్లో నాకు ఈరోజుకీ గుర్తున్నది ఒక్కటే. పందొమ్మిది వందల యాభై ఒకటిలో బ్రిటన్‌లో జరిగిన సాధారణ ఎన్నిక. ఎండిపోయిన పల్లెల నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చే మాకు ఆ దేశమేంటో, ఆ గొడవేంటో. పుస్తకంలో అది ఒక పేరా. సారు దాన్ని వారం రోజులు చెప్పారు.

క్లాసులో బెంచీలు గోడకు జరిపించి నేల మీద సుద్దతో బ్రిటన్ పటం గీసేవారు. ఆయన సంచిలో రెండు డబ్బాలుండేవి. ఒకదాంట్లో వేరుశనగ బుడ్డలు, రెండోదాంట్లో చింతగింజలు. బుడ్డలు కార్మికుల పార్టీ. చింతగింజలు పాత పద్ధతులు పోకూడదనే వాళ్ళ పార్టీ. మేము పటం చుట్టూ గొంతుక్కూర్చుంటే, ఒక్కో ప్రాంతం చెబుతూ అక్కడ ఎవరు గెలిచారో ఆ గింజలు పెట్టించేవారు.

"వేల్స్ అంటే బొగ్గు గనులు. తాడిపత్రి కాడ నాపరాయి గనుల్లో పనిచేసేటోళ్ళు అందరూ ఒక మాట మీద ఉండరా, అట్ల. బుడ్డలు పెట్టు. దక్షిణాన ఇంగ్లండు పల్లెలు, శింగనమల చెరువు కింద మడి ఉండేటోళ్ళ మాదిరి. వాళ్ళకు ఉన్నది కదలకూడదు. చింతగింజలు. పైన స్కాట్లండు సరిగ్గా సగం సగం, రాయదుర్గంలో తెలుగూ కన్నడా మాదిరి. రెండూ కలిపి పెట్టు. ఈడ మగ్గాల ఊళ్ళు ఉండాయి. ఇది ధర్మవరం అనుకోండి."

అలా చెబుతూ ఆయన అటు తిరిగేసరికి ఇటు వేల్స్ ఖాళీ అయ్యేది. పొద్దున్నే సంగటి ముద్ద తిని బస్సెక్కినవాళ్ళం, మధ్యాహ్నానికి కడుపులు కాలుతుండేవి. "వేల్స్ ఎవురప్పా తినింది?" అని ఆయన అడిగితే అందరం పైకప్పు చూసేవాళ్ళం. చింతగింజలకు మాత్రం ఏమీ అయ్యేది కాదు. "చూడండి, మీ చేతుల్లో కూడా కూలోళ్ళ పార్టీనే నష్టపోయె," అని సంచిలోంచి ఇంకో గుప్పెడు తీసి పెట్టేవారు. ఎంతమంది తింటారో లెక్క వేసుకునే తెచ్చేవారని మాకు తర్వాత తెలిసింది.

ఆ ఎన్నికలో దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చింది బుడ్డల పార్టీకి. గెలిచింది చింతగింజల పార్టీ. అదెలా అని మేమడిగితే ఆయన ముఖం వెలిగేది. "వానంతా ఒక్క చేన్లోనే కురిసిందనుకోండి. ఆ చేను మునుగుతాది, పక్క చేను ఎండుతాది. వాన మాత్రం బాగా పడిందనే రాస్తారు. గనుల కాడ వాళ్ళకు ఓట్లు కుప్పలుగా పడినాయి, గెలిచేదానికి కావల్సినదాని కన్నా జాస్తి. మిగిలిన ఓట్లు ఇంకో ఊరికి ఎత్తుకుపోయేకి లేదు గదా." ఓట్లు ఎన్ని పడ్డాయనేదే కాదు, ఎక్కడ పడ్డాయో కూడా చూడాలని నాకు అప్పుడు అర్థమైంది.

పాఠం ఆఖర్న ఆయన చొక్కా జేబులోంచి పెన్న ఏట్లో ఏరుకొచ్చిన నాలుగు గులకరాళ్ళు తీసేవారు. పడమటి ద్వీపం మీద, ఉత్తర ఐర్లండులో, ఒక్కొక్కటిగా పెట్టేవారు. ఆ రాళ్ళు పెట్టేటప్పుడు నవ్వేవారు కాదు.

"ఈ నాలుగు చోట్ల పోటీనే ల్యా. ఒక్కడే నిలబడినాడు, నిలబడినోడే గెలిచినాడు. సీట్ల లెక్కలో ఈ నాలుగూ ఉండాయి, ఓట్ల లెక్కలో ల్యావు. ఈడుండే మనిషికి ఏం కావల్నో ఎవురికీ తెలియదు. తెలుసుకోవల్సిన పని కూడా పడల్యా." ఆ వెంటనే ఇంకో మాట చెప్పేవారు. ఆ దేశపు సాధారణ ఎన్నికల్లో అలా పోటీ లేకుండా గెలవడం అదే ఆఖరుసారట. ఆ తర్వాత ప్రతిచోటా ఎవరో ఒకరు ఓడిపోవడానికైనా నిలబడ్డారట.

అప్పుడు జేబులోంచి అయిదో రాయి తీసేవారు, నల్లది. దాన్ని పటం బయట, మా కాళ్ళ దగ్గర పెట్టేవారు. "ఇది మనూరు," అనేవారు.

యూనివర్సిటీ పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నేను ఆనందంగా అయిదు పేజీలు రాశాను. ఇంగ్లండు ఉత్తరాన ధర్మవరంలో నేతగాళ్ళు రెండు పార్టీలకూ ఓట్లు పంచారనీ, తాడిపత్రి గనికార్మికులు మాత్రం ఒక్కతాటిన నిలిచారనీ, శింగనమల చెరువు కింద చింతగింజల పార్టీకి తిరుగులేదనీ. మా బ్యాచిలో సగం మంది అదే రాశాం. పేపర్లు దిద్దినాయన ఎవరో గానీ మా అందరికీ సున్నాలు పెట్టాడు. ఏడుస్తూ సారు దగ్గరికి పోతే ఆయన తల పట్టుకున్నారు. "ఆయన్ది తప్పు ల్యా. నేనే ఊర్ల పేర్లు మార్చుకోండని చెప్పల్ల," అన్నారు. తర్వాత ఉండబట్టలేక, "కానీ మీరు రాసింది కూడా తప్పు కాదు," అన్నారు. సప్లిమెంటరీలో నేను ధర్మవరానికి బదులు లాంకషైర్ అని రాసి గట్టెక్కాను. ఇప్పటికీ ధర్మవరం స్టేషన్లో రైలు ఆగితే, ఇక్కడ ఫలితం ఎటూ తేలలేదు కదా అనుకుంటాను.

ఆ అయిదో రాయి సంగతి చెప్పాలి. మా ఊరికి పంచాయతీ ఏర్పడిన నాటి నుంచీ సర్పంచి ఎన్నికే జరగలేదు. నోటిఫికేషన్ రాగానే పెద్దలు చావడి దగ్గర కూర్చునేవారు, పెద్దింటి వాళ్ళు ఊరికేదో ఒకటి చేసిపెడతామని మాట ఇచ్చేవారు, వాళ్ళింటి నుంచే ఒక్క నామినేషన్ పడేది. ఏకగ్రీవం. టపాసులు కాల్చేవారు. మా ఊళ్ళో తగాదాలు లేవని చుట్టుపక్కల గొప్పగా చెప్పుకునేవారు కూడా. అసెంబ్లీకి, పార్లమెంటుకి ఓటేశాం గానీ సొంత ఊరి సర్పంచికి ఓటు వేసిన మనిషి మా ఊళ్ళో ఎవరూ లేరు. ఓటు గురించి జీవితమంతా పాఠాలు చెప్పిన మా సారు కూడా వేయలేదు.

రిటైరయ్యాక ఆయనకు అదొక్కటే కోరిక ఉండేది. తీర్థయాత్రలకు పోదామని ఆయన భార్య, మా అమ్మగారు, అంటే, "సచ్చేలోపల మనూరి సర్పంచికి ఒక్కసారి ఓటెయ్యల్ల. అది అయినాక నువ్వు యాడికంటే ఆడికి," అనేవారట. వినడానికి చిన్న కోరికే. కానీ ఆయన చదువుకునే రోజుల్లో టౌనులో ఉండడానికి చోటిచ్చి, అన్నం పెట్టించి చదివించింది ఆ పెద్దింటివాళ్ళే. అప్పటి పెద్దాయన పోయాడు. ఇప్పుడున్నది ఆయన కొడుకు, నాకంటే కొన్నేళ్ళు ముందు సారు దగ్గరే డిగ్రీ చదివాడు. బుడ్డలు తిన్నవాళ్ళలో అతనూ ఉన్నాడు.

కిందటి పంచాయతీ ఎన్నికలప్పుడు అతను నామినేషన్ వేసిన రోజే, తానూ వేస్తానని సారు చెప్పేశారు. ఊరు ఉలిక్కిపడింది. ఏకగ్రీవమైతే బోరు వేయిస్తానని పెద్దింటాయన అప్పటికే మాట ఇచ్చి ఉన్నాడు. ఆ ఏడు ఊళ్ళో చేతిపంపులు ఎండిపోయి ట్యాంకరు కోసం కాపు కాస్తున్నాం.

సారునే అడిగెయ్యాలని మా చిన్నమ్మ మిట్ట దిగి పోయింది. సెలవుకి ఊరికొచ్చి ఉన్నానని నన్నూ లాక్కుపోయింది. చిన్నమ్మది కూలి పని. ఎవరి ముందైనా గొంతు తగ్గించే మనిషి కాదు. సారు వరండాలో బుడ్డలు వలుస్తున్నారు.

"ఏం సార్, నీ ఓటు కోసరం మా నీళ్ళు పోగొడతావా?" అంది నిలబడే.

"కూచోమ్మా."

"కూచునేకి రాల్యా. నువ్వు సదువుకున్నోడివి. నీకు ఇంట్లో కొళాయి ఉండాది. మాకు బిందె నిండల్ల."

సారు ఒక బుడ్డ ఒలిచి పక్కన పెట్టారు. "నిజమేమ్మా. బోరు యాడేస్తామన్నారు?"

"చావడి కాడ."

"పోయిన తూరి యాడేసినారు?"

"అదీ చావడి కాడనే."

"మిట్ట మీద యాడన్నా ఏసినారా?"

సారు ఆ మాట పొడిగించకుండా ఇంకో బుడ్డ అందుకున్నారు. లోపలినుంచి అమ్మగారు మజ్జిగ తెచ్చి ఇస్తే చిన్నమ్మ తాగి, గ్లాసు గట్టిగా కింద పెట్టి వచ్చేసింది. దారిపొడుగునా ఆయన్ని తిడుతూనే నడిచింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ పోయింది, ఈసారి నన్ను పిలవలేదు. నామినేషన్ మీద ప్రతిపాదించే మనిషి సంతకం కావాలి. పెద్దవీధిలో పెట్టడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. పెద్దింటివాళ్ళు ఇచ్చిన చోట ఉంటూ, వాళ్ళ అన్నం తింటూ చదివినవాడు ఇలా చేస్తాడా అని ఆయన ముఖం మీదే అన్నారు. చిన్నమ్మ పోయి, "యాడ పెట్టల్ల సంతకం?" అని అడిగిందట.

ఆ పదిహేను రోజులు ఆయన పడ్డ అవస్థ నేను చూశాను. వరసైనవాళ్ళు పలకరించడం మానేశారు. సాయంత్రాలు కలిసి నడిచే స్నేహితుడు దారి మార్చుకున్నాడు. ఇది ఆయన్ని చాలా నొప్పించింది. "తిన్న అన్నం మర్చిపోల్యామ్మా," అన్నారు నాతో ఒకసారి. "ఆ పెద్దాయన పెట్టిన అన్నంతోనే ఇదంతా చదివింది. మరి చదివినదాన్ని ఏం చేయల్ల?" ఆయనకు కత్తెర గుర్తు వచ్చింది. ప్రచారమంటూ ఏమీ చేయలేదు. ఇంటింటికీ పోయి, "నాకే ఎయ్యండని అడగను. వచ్చి ఎయ్యండి," అని చెప్పి వచ్చేవారు. ఇలాంటి అభ్యర్థిని నేనెక్కడా చూడలేదు.

పోలింగు రోజు తెల్లారగానే స్కూలు ముందు వరస కట్టారు. ముసలివాళ్ళను ఆటోల్లో తెచ్చారు. సారు తెల్ల పంచె కట్టుకుని వరసలోనే నిలబడ్డారు, ముందుకు రమ్మన్నా పోలేదు. ఓటేసి బయటికి వచ్చినప్పుడు ఆయన ఎడమచేతిని కాస్త ఎత్తి పట్టుకున్నారు, సిరా అంటుకోకుండా అన్నట్టు. కళ్ళు తడిగా ఉన్నాయి. చిన్నమ్మ ఊరుకుంటుందా, "నీకే ఏసుకుంటివా సార్?" అని అందరి ముందూ అడిగింది.

"అది అడగకూడదమ్మా," అన్నారు. ఎవరికి వేశారో అమ్మగారికి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన ఓడిపోయారు, బాగా ఓడిపోయారు. ఊరేగింపు ఆయన ఇంటి ముందు నుంచి పోతుంటే మేం కొందరం వరండాలో ఉన్నాం. ఆయన నేల మీద సుద్దతో మా ఊరి పటం గీస్తున్నారు. ఏజెంట్లు చెప్పుకున్న వార్డుల లెక్క విని ఒక్కో వీధిలో గింజలు పెట్టారు. పెద్దవీధి నిండా చింతగింజలే. అది ఆయన సొంత వీధే, అయినా ఒక్క బుడ్డ పెట్టేన్ని ఓట్లు కూడా అక్కడ పడలేదు. మిట్ట మీద మాత్రం బుడ్డలు. ఆయన చాలాసేపు చూశారు. ఓడిపోయిన మనిషి ముఖంలో అంత సంతోషం ఉండడం నాకు కొంచెం కోపం తెప్పించింది కూడా.

"ఇంతకాలం మిట్ట మీద ఏమనుకుంటాండారో ఎవురికీ తెలియదు," అన్నారు. "ఈ పొద్దు తెలిసిపోయింది." జేబులోంచి నల్లరాయి తీసి చిన్నమ్మ చేతిలో పెట్టారు. "ఇంక దీంతో నాకు పని ల్యా. మీ గూట్లో పెట్టుకో."

బోరు వస్తుందని మేమెవరం అనుకోలేదు. కానీ ఆ ఎండాకాలం బోరు లారీ మిట్ట మీదికే వచ్చింది. ఎందుకని చిన్నమ్మ అడిగితే, గెలిచిన పెద్దింటాయన దాచుకోకుండానే చెప్పాడు. "ఆడ నాకు ఓట్లు పడల్యా గదక్కా." మొదటి బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు, లారీ చుట్టూ నిలబడినవాళ్ళం తెల్లగా అయిపోయి ఇళ్ళకు పోయాం. రెండోది వంక పక్కన వేస్తే బొటనవేలి లావున ధార వచ్చింది. సంవత్సరంలో కొన్ని నెలలు ఇప్పటికీ వస్తుంది. ఆ మాట చెబితే సారు పొంగిపోలేదు. "ఓట్లు పడినోళ్ళకు కూడా ఎయ్యల్ల గదా," అని కొత్త పేచీ మొదలుపెట్టారు.

దినాలు మొన్న అయ్యాయి. మళ్ళీ పంచాయతీ ఎన్నికలు దగ్గరికొచ్చాయని ఊరంతా అనుకుంటున్న సమయం. సారింటి ముందు షామియానా వేసి భోజనాలు పెట్టారు. ఖర్చు తక్కువ కానివ్వకుండా పెద్దింటాయనే దగ్గరుండి అన్నీ చూశాడు. అతని బాధ నిజమైనదే, నేను చూశాను. ఫొటోకు దండ వేసి, కళ్ళు తుడుచుకుని, అందరి వైపూ తిరిగి మాట్లాడాడు. సారు లేని లోటు తీరదన్నాడు. తనకు చదువు చెప్పిన చేతులన్నాడు. ఆఖర్న, "సారు మీద గౌరవంతో ఈ తూరి మనూర్లో పోటీ పెట్టుకోవద్దు. అందరం ఒకమాట మీద ఏకగ్రీవం చేసుకుందాం. అదే సారుకు మనం ఇచ్చే మర్యాద," అన్నాడు.

పెద్దవీధివాళ్ళు తలలూపారు. నేను అమ్మగారి వైపు చూశాను. ఆమె నేల చూస్తున్నారు. సారు ఉంటే నవ్వేవారా, కేకలేసేవారా అని ఆలోచిస్తుంటే నాకు ఫోన్ వచ్చిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

చిన్నమ్మ ఆడవాళ్ళ పంక్తిలోంచి లేచింది. చీర కొంగు ముడి విప్పి, నల్లరాయి తీసి, చారు బకెట్టు పట్టుకుని వడ్డనకు సిద్ధమవుతున్న పెద్దింటాయన ముందుకు పోయి చెయ్యి చాపింది.

"ఇది సారు నాకిచ్చింది. మళ్ళా యాడ పెట్టల్నో నువ్వే చెప్పప్పా."

అతను రాయిని చూశాడు. ఎవరూ అతనికి దాని గురించి చెప్పక్కర్లేదు. సుద్దగీతల చుట్టూ గొంతుక్కూర్చుని, ఆకలికి బుడ్డలు తింటూ, ఆ రాయిని తన కాళ్ళ దగ్గర చూసినవాడే. బకెట్టు కింద పెట్టాడు.

"ఎవురు నిలబడతారక్కా?" అన్నాడు చివరికి, మెల్లగా.

"నేనైనా నిలబడతా, ఇంగొకరైనా నిలబడతారు. ఓటు మాత్రం పడల్ల."

అతను రాయి తీసుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అరచేతిలో తిప్పి చొక్కా జేబులో వేసుకున్నాడు. "పడనీలే," అన్నాడు. అంతే. మళ్ళీ బకెట్టు ఎత్తుకుని పంక్తి మొదటికి పోయాడు. విస్తరి దగ్గర వంగిన ప్రతిసారీ ఆ రాయి జారిపోతుందేమోనని, గరిటె పట్టుకున్న చేతితోనే జేబును అదుముకుంటున్నాడు. పంక్తి చివర కూర్చున్న మా దాకా వచ్చేసరికి, ఆ తెల్లచొక్కా జేబు మీద చారు మరకలు పడి ఉన్నాయి.